పోర్టబుల్ ఆక్సిజన్ కాన్సెంట్రేటర్‌తో విమానం ఎక్కేముందు: బ్యాటరీ లెక్క నుంచి సీటు సాకెట్ దాకా

ఇంట్లో ఆక్సిజన్ మీద ఉన్న పెద్దవాళ్లను హైదరాబాద్ నుంచి పిల్లల దగ్గరికి పంపించే కుటుంబాల్లో ఎక్కువగా జరిగేది ఇదే: ఆఫర్ కనబడగానే టికెట్లు కొనేస్తారు, ఆ తర్వాత వెంట తీసుకెళ్లాల్సిన ఆక్సిజన్ మిషన్ (కాన్సెంట్రేటర్) సంగతి గుర్తొస్తుంది. ఈ వరుస తిరగబడాలి. ముందు డాక్టరు, తర్వాత మిషన్, తర్వాత బ్యాటరీ లెక్క, ఆ లెక్కకు సరిపోయే రూటు, అన్నిటికన్నా చివర టికెట్.

మా నాన్నగారికి సీఓపీడీ, అంటే ఊపిరి ఆడటం కష్టమయ్యే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు. ఆయన్ని దేశంలోపలా, విదేశాలకూ తీసుకెళ్లిన అనుభవంతో చెబుతున్నాను: సీటు దగ్గర కరెంటు ఉండదనే అనుకుని ఇంట్లోంచి బయలుదేరాలి. ఉంటే సంతోషం. కానీ దాన్ని నమ్ముకుని ఒక్క బ్యాటరీ కూడా తగ్గించుకోకూడదు.

1. డాక్టరు దగ్గర తేల్చుకోవలసినవి

విమానం ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తులో ఎగురుతున్నా, లోపలి గాలి ఒత్తిడి 8,000 అడుగుల ఎత్తుకు మించకుండా చూస్తారు. అంటే ఊటీ కంటే ఇంకాస్త పైన కూర్చున్నట్టు. అక్కడ పీల్చే గాలి, సముద్రమట్టం దగ్గర 21 శాతానికి బదులు సుమారు 15 శాతం ఆక్సిజన్ ఉన్న గాలిని పీల్చడంతో సమానం. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే ఆక్సిమీటరులో (వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే పరికరం) అంకె నాలుగైదు పాయింట్లు తగ్గుతుంది. ఇంట్లోనే 90 దగ్గర ఊగిసలాడే మనిషికి ఎంత పడిపోతుందో ఊహించి చెప్పడం కుదరదు, పరీక్ష చేసి చూడాలి. దానికో పద్ధతి ఉంది. సుమారు 20 నిమిషాలపాటు 15 శాతం ఆక్సిజన్ ఉన్న గాలిని పీల్పించి, రక్తంలో ఆక్సిజన్ ఎక్కడిదాకా దిగుతుందో చూస్తారు. అంకె 85 కంటే కిందికి పోతే విమానంలో ఆక్సిజన్ తప్పదంటారు. ఈ పరీక్ష అన్ని చోట్లా చేయరు. మీ పల్మనాలజిస్టును (ఊపిరితిత్తుల డాక్టరును) అడిగితే అవసరమో కాదో, ఎక్కడ చేస్తారో చెబుతారు. ఇంకో సంగతి. హైదరాబాదే సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. కాబట్టి విజయవాడలోనో విశాఖలోనో కనబడిన అంకెను పట్టుకుని ఇక్కడి లెక్క వేయకండి.

ఇప్పటికే ఇంట్లో ఆక్సిజన్ వాడుతున్నవాళ్లకు విమానంలో సెట్టింగు సాధారణంగా పెంచుతారు. ఎంత పెంచాలన్నది డాక్టరే రాయాలి. కొందరు సీఓపీడీ రోగులకు ఎక్కువ ఆక్సిజన్ ఇస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, కాబట్టి భయంతో మనంతట మనం పెంచడం మంచిది కాదు. కూర్చున్నప్పుడు ఎంత, బాత్రూమ్‌కి నడిచేటప్పుడు ఎంత, నిద్రలో ఎంత, ఆక్సిమీటరులో అంకె ఏ రెండింటి మధ్య ఉండాలి, దానికంటే తగ్గితే ఏం చేయాలి. ఇవన్నీ ఒక కాగితం మీద రాయించుకోండి.

అన్నిటికంటే ఎక్కువమంది పొరబడేది ఇక్కడే: పోర్టబుల్ మిషన్ మీద ఉండే "2" అంటే రెండు లీటర్లు కాదు. ఇంట్లోని పెద్ద మిషన్ ఆగకుండా నిమిషానికి ఇన్ని లీటర్లని వదులుతుంది. చిన్న మిషన్లు చాలావరకు మనిషి ఊపిరి లోపలికి తీసినప్పుడు మాత్రమే ఒక మోతాదు పంపుతాయి. దీన్నే పల్స్ మోడ్ అంటారు. ఉదాహరణకు ఇనోజెన్ వన్ జీ4 అనే పోర్టబుల్ మోడల్ గరిష్ఠ సెట్టింగు 3 మీద ఇచ్చేది నిమిషానికి 630 మిల్లీలీటర్లే. జీ5 గరిష్ఠ సెట్టింగు 6 మీద 1,260. ఇంట్లో 3 లీటర్ల మీద ఉన్న మనిషికి "3 ఉందిగా, సరిపోతుంది" అని ఏదో ఒక మిషన్ కొనేయడం ప్రమాదం. నిరంతరం వదిలేవే కావాలంటే ఫిలిప్స్ సింప్లీగో, కెయిర్ ఎక్లిప్స్ 5 లాంటి కాస్త బరువైన మోడళ్లు చూడాలి. అవి బ్యాటరీని త్వరగా తాగేస్తాయి. ఆ మోడల్‌ను పెట్టుకుని నడిపించి, ఆక్సిమీటరు చూసి, డాక్టరు సరే అన్నాకే డబ్బు కట్టండి.

ఈమధ్య న్యుమోనియా వచ్చినా, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినా, ఆయాసం ఒక్కసారిగా ఎక్కువైనా ప్రయాణం వాయిదా వేయడమే సరి. టికెట్ డబ్బులు పోతే పోనీయండి.

2. ఏ మిషన్‌ను విమానంలోకి రానిస్తారు

సొంత ఆక్సిజన్ సిలిండర్‌ను విమానయాన సంస్థలు సాధారణంగా రానివ్వవు. ద్రవ ఆక్సిజన్‌కు అసలు అనుమతే లేదు. కాన్సెంట్రేటర్ సంగతి వేరు. అందులో ఆక్సిజన్ నిల్వ ఉండదు. చుట్టూ ఉన్న గాలిని లోపలికి లాక్కుని, జియోలైట్ అనే, నత్రజనిని పీల్చుకునే పదార్థం గుండా పంపి, నత్రజనిని అక్కడే పట్టేసి, సుమారు 90 శాతం ఆక్సిజన్‌ను బయటికి ఇస్తుంది. అందుకే అనుమతి.

అయితే ఏ మిషన్ అయినా సరిపోదు. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ప్రమాణాలకు ఇది సరిపోతుందని తయారీదారు ముద్రించిన ఎర్రక్షరాల లేబుల్ మిషన్ మీద ఉండాలి. 2016లో వచ్చిన నిబంధన ఇది. అంతకుముందు ఒక్కో మోడల్‌ను పేరుపేరునా ఆమోదించేవారు. ఆ పాత జాబితాలోని మిషన్లకు లేబుల్ లేకపోయినా చెల్లుతుంది. ఇతర దేశాల సంస్థలు కూడా చాలావరకు ఇదే లేబుల్ అడుగుతాయి. షాపువాళ్లు "ఫ్లైట్‌లో అలౌడే సార్" అంటే, ఆ లేబుల్ ఎక్కడుందో వేలు పెట్టి చూపించమనండి. చూపించలేకపోతే ఆ మిషన్ వద్దు. అద్దెకు తీసుకున్నా ఇదే మాట. అద్దె మిషన్‌తో వచ్చే బ్యాటరీలు ఎంత పాతవో కూడా అడగండి.

3. బ్యాటరీ లెక్క

అమెరికాకు, అక్కడి నుంచి నడిచే విమానాల్లో, ఆ విమానం గరిష్ఠంగా ఎంతసేపు పట్టవచ్చో దానికి ఒకటిన్నర రెట్లు సరిపడా, అంటే 150 శాతం, బ్యాటరీలు తెచ్చుకోమని విమానయాన సంస్థ అడగవచ్చు. చాలా సంస్థలు అడుగుతాయి. అడగకపోయినా ఇదే పాటించండి. పొగమంచుతో ఆలస్యం, రన్‌వే మీద నిరీక్షణ, ఇంకో ఊరికి మళ్లించడం, ఇవన్నీ ఆ సగంలోంచే రావాలి.

హైదరాబాద్ నుంచి దుబాయ్ సుమారు 4 గంటలు, అంటే 6 గంటల బ్యాటరీ. దుబాయ్ నుంచి డల్లాస్ సుమారు 16 గంటలు, అంటే 24 గంటల బ్యాటరీ. మీ బ్యాటరీ ఒక్కోటి నికరంగా 8 గంటలు వస్తే మూడు కావాలి. అదే లండన్ మీదుగా వెళ్తే హైదరాబాద్ నుంచి లండన్ సుమారు 10 గంటలు, అక్కడి నుంచి డల్లాస్ ఇంకో 10 గంటలు. ఒక్కో విడతకు 15 గంటల బ్యాటరీ చాలు, అంటే రెండు. మధ్యలో ఆగే సమయం ఎక్కువుంటే ఎయిర్‌పోర్టులో మళ్లీ చార్జ్ చేసుకోవచ్చు. ఆక్సిజన్ మీద ఉన్న మనిషికి ఒకే పొడవాటి విడత కంటే, రెండు సమానమైన విడతలున్న రూటే నాకు మేలనిపిస్తుంది. మధ్యలో రెండు గంటలు కాకుండా అయిదారు గంటలుండేలా చూసుకోండి. పెద్ద బ్యాటరీ నిండటానికి అంత సమయమూ పట్టవచ్చు. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350 విమానాల్లో లోపలి ఒత్తిడి సుమారు 6,000 అడుగుల ఎత్తుకు సమానంగా ఉంటుంది. రెండు టికెట్ల ధర దగ్గరదగ్గరగా ఉంటే ఆ విమానమున్నదే తీసుకోండి.

బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుందో డబ్బా మీద చూసి లెక్క వేయకండి. అక్కడ రాసేది తరచూ అతి తక్కువ సెట్టింగు మీద వచ్చే సమయం. ఇంట్లో కొలవండి. బ్యాటరీ పూర్తిగా నింపి, డాక్టరు విమానానికి రాసిన సెట్టింగు పెట్టి, రోగి ముక్కుకే ట్యూబు పెట్టి నడపాలి. పల్స్ మోడ్ ఊపిరిని బట్టి నడుస్తుంది కాబట్టి బల్ల మీద పెట్టి వదిలేస్తే కొలత రాదు. పక్కనే ఇంటి మిషన్ సిద్ధంగా ఉంచుకుని, బ్యాటరీ అయిపోతోందని అలారం మోగేదాకా సమయం రాసుకోండి. ప్రతి బ్యాటరీకీ విడివిడిగా ఇలా చేసి, వచ్చిన గంటలను మార్కర్‌తో దాని మీదే రాయండి. వచ్చిన అంకెను కిందికే సర్దుకోవాలి. ఏడుంబావు వస్తే ఏడనే అనుకోండి.

ఇప్పుడు బ్యాటరీ సైజు. లిథియం బ్యాటరీల పరిమితి వాట్ అవర్లలో (బ్యాటరీలో ఎంత శక్తి పడుతుందో చెప్పే కొలత) ఉంటుంది. లేబుల్ మీద ఆ అంకె లేకపోతే వోల్టులను యాంపియర్ అవర్లతో గుణించండి: 14.4 వోల్టులు, 6.8 యాంపియర్ అవర్లు అయితే సుమారు 98 వాట్ అవర్లు. 100 లోపు ఉంటే మామూలుగా ఇబ్బంది ఉండదు. 100 నుంచి 160 మధ్య ఉంటే విమానయాన సంస్థ అనుమతి కావాలి, అదనపువి రెండే తీసుకెళ్లనిస్తారు. 160 దాటితే లేదు. అందుకే క్యాంపింగ్‌కు వాడే పెద్ద పవర్ స్టేషన్‌తో పని జరిపిద్దామన్న ఆలోచన మానుకోండి. మామూలు పవర్ బ్యాంకులను విమానంలో వాడటాన్ని కూడా కొన్ని సంస్థలు ఆపేశాయి. ఎమిరేట్స్ 2025 అక్టోబర్ 1 నుంచి నిషేధించింది. మీరు తెచ్చేవి వైద్య పరికరం తాలూకు బ్యాటరీలని డాక్టరు ఉత్తరంలోనే రాయించండి.

అదనపు బ్యాటరీలు చెక్-ఇన్ లగేజీలో పెట్టకూడదు, క్యాబిన్ బ్యాగులోనే ఉండాలి. ఒక్కోటి ఒక్కో సంచిలో పెట్టి, లోహపు కొనలకు టేపు వేయండి.

4. సీటు సాకెట్‌ను ఎంతవరకు నమ్మొచ్చు

విమానంలో కనబడే యూఎస్‌బీ పోర్టుతో ఈ పని జరగదు. కావలసింది ప్లగ్ పెట్టే సాకెట్. అందులో సాధారణంగా 110 వోల్టులు వస్తుంది. మీ అడాప్టర్ మీద ఇన్‌పుట్ 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉందో లేదో చూసుకోండి.

అసలు సమస్య వాట్లు. ఒక్కో సీటు సాకెట్‌కు పరిమితి ఉంటుంది. లాప్‌టాప్‌ను దృష్టిలో పెట్టుకుని పెట్టినవి కాబట్టి 75 వాట్ల దగ్గరే ఆగిపోయేవీ ఉన్నాయి. దాటితే సాకెట్ తనంతట తానే ఆగిపోతుంది, పచ్చ లైటు ఆరిపోతుంది. మీ మిషన్ ఎంత లాగుతుందో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. గోడ ప్లగ్గుకూ అడాప్టర్‌కూ మధ్య పెట్టే చిన్న వాట్ మీటర్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, కోఠి గుజరాతీ గల్లీలో వెతికినా దొరుకుతుంది. మా హాల్లో పెట్టి చూసినప్పుడు, బ్యాటరీ నిండుగా ఉన్నంతసేపూ అంకె నలభైల్లోనే ఆడింది. దాన్ని తీసి ఖాళీ బ్యాటరీ పెట్టగానే వంద దాటింది.

"ఏంటమ్మా, ఒక్కసారిగా అంత పెరిగింది?" అన్నారు నాన్న.

"మిషన్ నడవడానికి తోడు చార్జింగ్ కూడా కలిసింది నాన్నా."

ఈ తేడా తెలిస్తే సాకెట్ ఎలా వాడాలో అర్థమవుతుంది. చాలామంది బ్యాటరీ అడుగంటాక ప్లగ్ పెడతారు. అప్పుడే మిషన్ ఎక్కువ వాట్లు అడుగుతుంది, సాకెట్ ఆగిపోతుంది. అలా కాకుండా విమానం పైకెళ్లి నిలకడగా ఎగరడం మొదలవగానే, నిండు బ్యాటరీ లోపల ఉండగానే ప్లగ్ పెట్టండి. మిషన్ నడవడానికి కావలసినంతే లాగుతుంది, బ్యాటరీ నిండుగా మిగిలిపోతుంది. ఖాళీ బ్యాటరీలను విమానంలో నింపాలని చూడకండి. కొన్ని మోడళ్లు బ్యాటరీ తీసేసినా కరెంటు మీద నడుస్తాయి. కానీ సాకెట్ ఆగితే మిషన్ కూడా ఆగుతుంది కాబట్టి బ్యాటరీని లోపలే ఉంచండి.

మన గుండ్రటి మూడు పిన్నుల ప్లగ్ విమానంలోని సాకెట్లలో చాలాసార్లు పట్టదు, పట్టినా వదులుగా వేలాడుతుంది. అడాప్టర్‌కు సరిపోయే, చప్పటి రెండు పిన్నులున్న అమెరికన్ తీగ ఒకటి విడిగా కొనుక్కోండి. అది గట్టిగా కూర్చుంటుంది. సాకెట్ రెండు సీట్ల మధ్య కింద, చేతికి అందని చోట ఉంటుంది. పక్కన కూర్చున్నవారితో మొదట్లోనే "ఇది ఆక్సిజన్ మిషన్, తీగ కాలికి తగలకుండా చూడండి" అని చెబితే ఎవరూ కాదనరు. మూడు సీట్లకు రెండే సాకెట్లున్న చోట వాళ్లే తమది వదిలిపెడతారు.

టేకాఫ్‌కు ముందు, ల్యాండింగ్ సమయంలో చాలా విమానాల్లో సాకెట్లకు కరెంటు తీసేస్తారు. వైద్య పరికరానికి సీటు కరెంటు వాడొద్దనే సంస్థలూ ఉన్నాయి. ఆ మాట ముందే అడిగి తెలుసుకోవాలి.

5. విమానయాన సంస్థకు రాయడం

దేశంలోపలి ప్రయాణానికైనా కనీసం 48 గంటల ముందు తెలియజేయాలి. నన్నడిగితే టికెట్ కొనకముందే మెయిల్ రాయాలి. మిషన్ కంపెనీ, మోడల్, లేబుల్ ఫొటో, బ్యాటరీ వాట్ అవర్లు, ఎన్ని తెస్తున్నారో పంపండి. మూడు ప్రశ్నలు అడగండి: ఈ మోడల్‌ను టేకాఫ్ నుంచి ల్యాండింగ్ దాకా వాడనిస్తారా? ఎన్ని గంటల బ్యాటరీ కావాలి? సీటు కరెంటు వాడొచ్చా? జవాబు రాతలో రావాలి, కాల్ సెంటర్ హామీ సరిపోదు. టికెట్ ఒక సంస్థది, విమానం ఇంకో సంస్థది అయితే నడిపే సంస్థ ఒప్పుకోవాలి. రెండు విడతలకు రెండు సంస్థలుంటే ఇద్దరికీ రాయాలి.

తర్వాత మెడిఫ్ అనే, ప్రయాణికుడి ఆరోగ్య వివరాలు రాసే ఫారం వస్తుంది. ఒక భాగం మనం, ఇంకో భాగం చికిత్స చేస్తున్న డాక్టరు నింపాలి. ఓపీ రద్దీలో డాక్టరు ముందు ఖాళీ ఫారం పెడితే తొందరలో సగం వదిలేస్తారు. పేరు, ప్రయాణ తేదీలు, మిషన్ మోడల్, మందుల పేర్లు ముందే పెన్సిల్‌తో రాసుకుని వెళ్లండి. పాస్‌పోర్టులో ఉన్న పేరే అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఆసుపత్రి ముద్ర, డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు పడ్డాయో లేదో బయటికొచ్చేముందు చూసుకోండి. తిరుగు ప్రయాణానికి ఇదే ఫారం చెల్లుతుందో లేదో ఇప్పుడే అడగండి. నెలల తర్వాతి తిరుగు ప్రయాణమైతే అక్కడి డాక్టరు కొత్తది రాయవలసి రావచ్చు.

సీటు ఎంచుకునేటప్పుడు: అత్యవసర ద్వారం వరుస ఇవ్వరు. ముందు గోడ ఉన్న వరుసలో మిషన్ పెట్టడానికి ఎదుటి సీటు ఉండదు, కాబట్టి అదీ వద్దు. ట్యూబు ఇతరులకు అడ్డం రాకూడదని కొన్ని సంస్థలు కిటికీ సీటే ఇస్తాయి. అప్పుడు పక్క సీటు మీదే అయ్యేలా చూసుకోండి. బాత్రూమ్‌కి దగ్గరగా ఉంటే మంచిది.

6. ఇంటి నుంచి శంషాబాద్ దాకా

బ్యాటరీ ఖర్చు విమానంలో కాదు, ఇంటి గుమ్మం దగ్గరే మొదలవుతుంది. కూకట్‌పల్లి నుంచో ఉప్పల్ నుంచో బయలుదేరితే ట్రాఫిక్‌లో గంటకు పైనే పోతుంది. మిషన్‌తో వచ్చే కారు చార్జర్‌ను క్యాబ్‌లో పెట్టి నడిపితే నిండు బ్యాటరీతోనే ఎయిర్‌పోర్టులో దిగుతారు. ఆ చార్జర్ పనిచేస్తుందో లేదో మీ కారులో ముందే చూసుకోండి.

వీల్‌చెయిర్ టికెట్‌తోపాటే అడిగి ఉంచాలి. భద్రతా తనిఖీలో మిషన్, బ్యాటరీలు బయటికి తీసి చూపించాలి. రోగి మిషన్ లేకుండా కాసేపు కూడా ఉండలేకపోతే, ట్రేలో పెట్టకముందే సీఐఎస్ఎఫ్ సిబ్బందికి డాక్టరు ఉత్తరం చూపించి ఆ మాట చెప్పండి. లోపలికి వెళ్లాక గేటు దగ్గర గోడ ప్లగ్ ఉన్న కుర్చీ వెతుక్కుని, బోర్డింగ్ పిలిచేదాకా కరెంటు మీదే ఉంచండి.

7. విమానంలో

ఎక్కగానే సిబ్బందికి చెప్పండి. మిషన్‌ను ఎదుటి సీటు కింద, గాలి లాక్కునే జాలీ తెరిచి ఉండేలా పెట్టండి. దుప్పటి జారి ఆ జాలీని మూసేస్తే మిషన్ వేడెక్కి అలారం కొడుతుంది. రాత్రి విమానంలో ఇది తరచూ జరిగేదే.

పల్స్ మోడ్‌లో ఉన్నవాళ్లు నిద్రపోతే జాగ్రత్తగా ఉండాలి. నోటితో ఊపిరి తీస్తే మిషన్‌కు ఊపిరి అందదు, మోతాదు పంపదు. ఇంట్లో ఒక రాత్రి ఇదే మిషన్‌తో పడుకోబెట్టి ఆక్సిమీటరు చూసి ఉంటే మీకు తెలిసే ఉంటుంది. అలారం వినబడని, చెవులు సరిగా పనిచేయని పెద్దవాళ్లను ఒంటరిగా పంపకండి. అలారం విని, కారణం చూసి, సరిచేయగలిగిన మనిషి పక్కన ఉండాలి. ఇద్దరూ ఒకేసారి నిద్రపోకూడదు.

క్యాబిన్ గాలి చాలా పొడిగా ఉంటుంది, ముక్కు మండుతుంది. సెలైన్ స్ప్రే వాడండి. వాసెలిన్, నూనె కలిసిన లేపనాలు ఆక్సిజన్ దగ్గర వాడకూడదు, మంట అంటుకునే ప్రమాదం ఉంది.

బ్యాటరీ లేకున్నా కరెంటు మీద నడిచే మోడలైతే, అడాప్టర్ కరెంటులో ఉండగా బ్యాటరీ మార్చినా మిషన్ ఆగదు. కరెంటు లేకపోతే కాసేపు ఆగుతుంది. ఆ సమయంలో మనిషి కదలకుండా కూర్చోవాలి. పూర్తిగా అడుగంటేదాకా ఆగకుండా కాస్త మిగిలి ఉండగానే మార్చండి. వాడేసినది వేరే సంచిలో వేయండి, మసక వెలుతురులో నిండుదీ ఖాళీదీ కలిసిపోతాయి.

పైనుంచి మాస్కులు పడితే మాత్రం మిషన్‌ను నమ్ముకోవద్దు, ఆ మాస్కే పెట్టాలి. అంత ఎత్తులో గాలి ఒత్తిడి పడిపోయినప్పుడు కాన్సెంట్రేటర్ సరిపోదు. అలాగే సిబ్బంది దగ్గరుండే సిలిండర్ అత్యవసరానికే, మన బ్యాటరీ లోటు పూడ్చడానికి కాదు.

8. దిగాక

ఇంటికి చేరగానే బ్యాటరీలన్నీ చార్జింగ్‌కు పెట్టించండి. అక్కడ రోజంతా వాడటానికి పోర్టబుల్ మిషన్ ఒక్కటే ఉంటే దాని మీద భారం ఎక్కువవుతుంది. పిల్లలు ముందుగానే అక్కడ ఒక ఇంటి మిషన్ అద్దెకు తీసి ఉంచాలి. దానికి అక్కడి డాక్టరు చీటీ అడుగుతారు, కాబట్టి అపాయింట్‌మెంట్ ప్రయాణానికి ముందే కావాలి. ఇక్కడి 5 లీటర్ల మిషన్‌ను లగేజీలో పంపే ఆలోచన వద్దు. అది 230 వోల్టులకు చేసినదైతే అమెరికాలోని 120 వోల్టుల ఇంట్లో నేరుగా నడవదు.

తిరుగు ప్రయాణానికి నెల ముందు బ్యాటరీల సమయం మళ్లీ కొలవండి. అమెరికా నుంచి వచ్చేటప్పుడు గంటలు కూడా మారతాయి, గాలి వాలును బట్టి తూర్పు వైపు తక్కువ పడుతుంది. అయినా సంఖ్య తగ్గించకుండా, వెళ్లినప్పుడు ఎన్ని బ్యాటరీలు తీసుకెళ్లారో అన్నీ తీసుకురండి.